దూలానికి పదకొండు తోకలు

“ఎందుకు టూ ఫోర్ త్రీ?” అని అడిగింది మెలేరి బెవన్.

తుపాకీ లైసెన్సు అడిగినవాళ్ళ ఇళ్ళకు పోలీసుల తరఫున విచారణకు వచ్చే మనిషి ఆమె. యూనిఫాం లేదు. బురద బూట్లు గుమ్మం బయట విడిచి, ఊలు మేజోళ్ళతో వంటింటి బల్ల ముందు కూర్చుంది. నెరిస్ పోసిన టీ తాగింది గానీ, వెన్న రాసి పెట్టిన ఎండుద్రాక్ష రొట్టెను మాత్రం ముట్టలేదు. పెట్టింది తినని మనిషి దగ్గర నోరు జాగ్రత్త అని నెరిస్ వాళ్ళమ్మ అనేది.

“మా ఆయనది టూ ఫోర్ త్రీ. ఇరవై ఏళ్ళు దాంతోనే నక్కల్ని కొట్టాడు,” అంది నెరిస్.

“అది ఆయన కారణం. మీ కారణం చెప్పండి.”

రైఫిల్ కావాలని రాస్తే చాలదు. ఏ కొలత తూటా పేల్చే రైఫిలో, అదే ఎందుకో కూడా చెప్పాలి. కుందేళ్ళకు ఒకటి, నక్కలకు ఒకటి, జింకలకు ఒకటి. లైసెన్సు కాగితం మీద ఆ అంకె పడితేనే కొట్టువాడు తూటా అమ్ముతాడు.

“నక్క బరువు ఏడెనిమిది కిలోలు,” అంది మెలేరి. “టూ ఫోర్ త్రీతో జింకల్ని పడగొడతారు. తప్పని అనను. చాలామంది వాడతారు. ఎందుకో చెప్పాలంతే.”

నెరిస్ దగ్గర వేరే కారణం లేదు. ఆ రైఫిల్ ఆమె భర్త ఇథెల్‌ది. నవంబరులో కొండవాలు మీద నాలుగు చక్రాల పొలం బండి తిరగబడి ఇథెల్ పోయిన మూడో రోజున పోలీసులు దాన్ని పట్నంలోని తుపాకుల కొట్టులో దాచమని ఇచ్చారు. అది మళ్ళీ ఇంటికి రావాలి. ఏప్రిల్ మొదటి వారంలో గొర్రెలు ఈనడం మొదలవుతుంది. ఏటా ఈతల కాలంలో నక్కలు దిగుతాయి. ఈ ఏడు కాపలాకు మగాడు లేడని కొండ చుట్టుపక్కల అందరికీ తెలుసు, నక్కలతో సహా. ఈ ఒక్క వసంతం పిల్లల్ని దక్కించుకోలేకపోతే మంద అమ్మేయాల్సిందే. ఈ కొండ హద్దులు తెలిసిన మంద అది. అమ్మితే మళ్ళీ దొరకదు.

“ఇంకొకటి అడగాలి,” అంది మెలేరి, కాగితం మీంచి తల ఎత్తకుండా. “నిద్ర ఎలా పడుతోంది?”

నెరిస్ చేతిలో కెటిల్ ఆగింది.

“బాగానే పడుతోంది.”

“మంచిది,” అని మెలేరి ఏదో రాసుకుంది. ఒక్క మాటకు అంతసేపు రాయడం ఎందుకో.

నిద్ర సంగతి నెరిస్ డాక్టరుకు చెప్పలేదు. లండన్‌లో ఉన్న అక్కకూ చెప్పలేదు. కానీ ఈ వంటింట్లో ఏ వేళకు దీపం వెలుగుతోందో చూడగలిగిన ఇల్లు లోయ అవతల ఒకటుంది. తాల్వెర్న్. దానిలో ఉండేది ఎమ్లిన్ ఒక్కడే. దరఖాస్తుకు ఇద్దరు తెలిసినవాళ్ళు పూచీ ఉండాలంటే, జనవరిలో నెరిస్ స్వయంగా వెళ్ళి అడిగిన ఇద్దరిలో అతనొకడు.

నా చేత్తో నేనే పిలిచి పీట వేశాను, అనుకుంది నెరిస్.

*

ఎమ్లిన్ మీద అనుమానం ఆ రోజు పుట్టింది కాదు.

ఫిబ్రవరిలో మంచు కరిగాక పై పొలం గోడ చూడ్డానికి వెళ్ళింది. రాళ్ళు జారినచోట, గోడ వెనక గాలి తగలని మూలలో, గడ్డిలో ఇత్తడి మెరిసింది. ఖాళీ తూటా తొడుగులు, తొమ్మిది. ఇథెల్‌వనుకుని జేబులో వేసుకొచ్చి, కిటికీ గట్టు మీద అతని పాత తొడుగుల సీసాలో పోయబోయింది. సీసాలో ఉన్నవాటి పక్కన ఇవి పొట్టిగా, సన్నగా కనిపించాయి. అడుగున అంకె చదివింది. టూ టూ త్రీ. ఆ కొలత రైఫిల్ ఈ లోయలో ఎమ్లిన్‌కే ఉంది.

తొడుగుల పక్కనే రాతి కింద పుదీనా బిళ్ళల కాగితాలు కూడా దొరికాయి. దొంగలా వచ్చినవాడు తీరిగ్గా కూర్చుని బిళ్ళలు చప్పరించాడన్నమాట. అన్నిటినీ ఒక రేకు డబ్బాలో వేసి పళ్ళేల అరలో దాచింది. పరాయి పొలంలో అనుమతి లేకుండా తుపాకీతో అడుగుపెట్టడం చిన్న నేరం కాదు.

ఆ ఆదివారం చాపెల్ మెట్ల మీద మామూలుగా అడిగినట్టు అడిగింది. “మా పై గోడ కూలింది ఎమ్లిన్, చూశావా?”

“ఈ చలికాలం అటు రాలేదు నెరిస్. మోకాలు రానివ్వడం లేదు.”

ఇంకో వారం తిరక్కుండా తనే వచ్చాడు, కోడిగుడ్లు పట్టుకుని. “నీకెందుకీ తుపాకీ గొడవ? ఈ ఈతలకి నక్కల్ని నేను చూసుకుంటా. పై పొలం కూడా ఈ ఏడాదికి నాకిచ్చెయ్, నీకు బరువు తగ్గుతుంది,” అన్నాడు. ఒకే ఊపిరిలో రెండూ. ఆమె కాదంటే, గుమ్మం దగ్గర తిరిగి, “సరే, తీసుకుంటే తీసుకో. కానీ టూ టూ త్రీ తీసుకో. ఇథెల్ తుపాకీ జోలికి పోకు,” అని వెళ్ళాడు.

ఎందుకు పోకూడదు? మొగుడి తుపాకీ పెళ్ళానికి వస్తే తాల్వెర్న్‌కు ఏం నష్టం? నెరిస్ దానికి రకరకాల జవాబులు అల్లుకుంది. కొత్త రైఫిల్ వెతకడానికీ, గురి కుదుర్చుకోవడానికీ వారాలు పడతాయి. ఆలోపు గొర్రెలు ఈనేస్తాయి. పిల్లలు పోతాయి. అప్పుడు పై పొలం అడక్కుండానే చేతికొస్తుంది. అన్నీ ఎమ్లిన్ దగ్గరికే చేరుతున్నాయి. ఇప్పుడు నిద్ర మాట కూడా చేరింది.

*

మెలేరి పొలం చూస్తానంది. గుండు తప్పితే ఎక్కడ పడుతుందో చూడటం ఆమె పని. కొండవాలు మట్టి గుండును మింగేస్తుంది, అది మంచిదే. శిఖరం మీద నడిచేవాళ్ళ బాట ఉంది, అటు ఎప్పుడూ కాల్చకూడదు. అవన్నీ నెరిస్ అడక్కుండానే చెప్పింది. మెలేరి మొదటిసారి కొంచెం మెత్తగా తలూపింది.

తిరిగి వస్తూ గొర్రెల కొట్టంలోకి తొంగి చూసి ఆగిపోయింది.

దూలానికి వరసగా నక్క తోకలు కొట్టి ఉన్నాయి. ఒక్కో తోక పక్కన సుద్దతో తేదీ. అది నెరిస్ మామగారి కాలంనాటి అలవాటు. నక్క తోక తొక్కినవాడికి అదృష్టమంటారు. తోకలన్నీ దూలానికెక్కిన ఇంట్లో తొక్కడానికి ఏం మిగులుతుంది.

మెలేరి చూపుడువేలు గాల్లో కదిలింది. లెక్కపెడుతోంది.

“పోయిన రెండు చలికాలాల్లో పదకొండు,” అంది. “అన్నీ మీ ఆయనే కొట్టారా?”

“ఇంకెవరు కొడతారు?”

మెలేరి సంచీలోంచి ఇథెల్ పాత లైసెన్సు తీసింది. కొన్న ప్రతి తూటా కొట్టువాడు దాని మీద రాస్తాడు. “రెండేళ్ళలో ఆయన కొన్నది ఒక్క డబ్బా. ఇరవై తూటాలు. తుపాకీతో పాటు కొట్టుకు చేరినవి పద్నాలుగు. ఆరు పేలాయి. ఆరు తూటాలకు పదకొండు నక్కలు.”

“గురి మంచిది,” అంది నెరిస్. అంటూండగానే ఆ మాట తనకే తేలిగ్గా వినబడింది.

“గురి ఎంత మంచిదైనా ఒక తూటాకు రెండు నక్కలు పడవండి. కాగితం మీద లేని తూటాలు ఈ ఇంటికొచ్చాయేమో నేను తెలుసుకోవాలి. వచ్చి ఉంటే, మిగిలినవి ఇప్పుడు ఎక్కడున్నాయో కూడా. అది తేలకుండా ఈ ఇంటికి ఏ తుపాకీకీ సంతకం పెట్టలేను. గురువారం వస్తాను. గుర్తొచ్చింది చెప్పండి.”

కారు లోయ దిగేదాకా నెరిస్ కొట్టంలోనే నిలబడింది. పళ్ళేల అరలో డబ్బా ఉంది. అది మెలేరి చేతిలో పెడితే తన మీది అనుమానం లోయ దాటి తాల్వెర్న్ మీదికి పోతుంది. ఎమ్లిన్ తుపాకీ పోతుంది, పరువూ పోతుంది. తన కాగితం మీద సంతకం పడుతుంది. ఇప్పుడే కారు వెనక పరిగెత్తినా అందుకోవచ్చు.

కానీ ఆరుకూ పదకొండుకూ మధ్య తేడా మెలేరిని ఎంత తొలిచిందో, అంతకంటే ఎక్కువ నెరిస్‌ను తొలవడం మొదలుపెట్టింది. ఆ చలికాలాల్లో ఇథెల్ రైఫిల్ భుజాన వేసుకుని రాత్రిళ్ళు దీపం వెలుగులో నక్కల వేటకు వెళ్ళేవాడు. చప్పుళ్ళు వినబడేవి. ఉదయానికి గేటుకు నక్క వేలాడేది. ఆ చప్పుళ్ళు ఎవరివి?

*

ఎమ్లిన్ తన కొట్టంలో ఈతల తడికలు బిగిస్తున్నాడు. నోట్లో మేకులు.

“ఏంటి, ఇంత కొండ దిగొచ్చావు? మీ ఇంట్లో కెటిల్ చచ్చిపోయిందా?” అన్నాడు, మేకులు అరచేతిలోకి తీసుకుని.

నెరిస్ డబ్బా తెరిచి తడిక మీద పెట్టింది. “ఇవి ఎవరివి?”

అతను వంగి చూశాడు. తీరిగ్గా చూశాడు.

“నావే.”

ఆమె సిద్ధపడి వచ్చింది అబద్ధానికి.

“మా పై గోడ దగ్గర దొరికాయి. అటు రాలేదన్నావు.”

“ఈ చలికాలం రాలేదన్నాను. పోయిన చలికాలం సంగతి నువ్వడగలేదు.”

“లాయరువా నువ్వు?”

“చాపెల్లో పెద్దని. లాయరే నయం.” నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

“ఎవర్నడిగి మా పొలంలో కాలుపెట్టావు?”

“ఇథెల్ రమ్మన్నాడు.”

“చచ్చినవాణ్ణి సాక్ష్యానికి పిలవకు ఎమ్లిన్. వాడొచ్చి కాదనలేడు.”

“అనలేడు,” అన్నాడు ఎమ్లిన్. తడిక మీద మెల్లగా కూర్చున్నాడు. “అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నా. వాడి చెయ్యి వణికేది నెరిస్. రెండేళ్ళబట్టీ. కుడిచెయ్యి.”

గొర్రె ఒకటి దగ్గింది.

“మొదట్లో వాడే కాల్చేవాడు, దీపం నేను పట్టేవాణ్ణి. పేల్చి, ‘తగిలిందా?’ అని నన్నడిగేవాడు. ఆ పెద్దది తన్నితే గొట్టం పైకి లేస్తుంది, దుర్భిణిలో ఏమీ కనబడదు. పక్కవాడు చెప్పాల్సిందే.”

“నువ్వేం చెప్పేవాడివి?”

“తగిలిందనేవాణ్ణి.” అరచేతిలో మేకులు అటూ ఇటూ కదిపాడు. “పొద్దున్నే నేను కొట్టిన నక్కనొకటి తెచ్చి మీ గేటుకి వేలాడదీసేవాణ్ణి. మూడోసారికి కనిపెట్టాడు. వాడేం వెర్రివాడు కాదుగా. ‘ఇంక దీపం నాకివ్వు’ అన్నాడు. అప్పట్నుంచీ కాల్చింది నేను. వాడి తుపాకీ గోడకి ఆనించి ఉండేది. ఇంట్లోంచి తేకపోతే నువ్వు అడుగుతావని తెచ్చేవాడు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నీకు చెప్తే నువ్వు డాక్టరు దగ్గరికి ఈడుస్తావు. డాక్టరు పోలీసులకి రాస్తాడు. తుపాకీ పోతే బండి పోతుంది, బండి పోతే కొండ పోతుందన్నాడు. నా చేత ఒట్టేయించుకున్నాడు.”

“నిజమని ఎలా నమ్మను? పై పొలం కావాలన్నావు. నక్కల్ని చూస్తానన్నావు. మా ఆయన తుపాకీ జోలికి పోవద్దన్నావు. అన్నీ నీకు కలిసొచ్చేవే.”

“పొలం అడిగాను. ఇప్పటికీ అడుగుతా. లోకంలో నక్కన్నది లేకపోయినా అడుగుతా, మంచి పొలం గనక,” అన్నాడు ఎమ్లిన్, కాస్త వేడిగా. “తుపాకీ సంగతంటావా? పోయినేడు పొట్టేలు నీ భుజం ఏది విరగ్గొట్టింది?”

“కుడిది.”

“రైఫిల్ ఎక్కడ ఆనిస్తారు?”

ఆమె వేళ్ళు డబ్బాలోని పుదీనా కాగితాన్ని తడుముతున్నాయి.

“ఇవీ నీవేనా?”

ఎమ్లిన్ పెదవి పైకెత్తి పైపళ్ళు చూపించాడు. “కట్టుడుపళ్ళు తల్లీ. పదేళ్ళయింది. ఆ బిళ్ళ నా నోట్లో పడితే పళ్ళే ఊడొస్తాయి.”

ఆ బిళ్ళలు ఎవరి కోటు జేబులో ఉండేవో నెరిస్‌కు చెప్పనక్కర్లేదు. ఆ కోటు ఇంకా తలుపు వెనకే వేలాడుతోంది. ఇంకొకటి కూడా అప్పుడే ఎదురుగా వచ్చి నిలబడింది. నలభై ఏళ్ళు కప్పూ సాసరూ లేనిదే టీ తాగని మనిషి, ఒకరోజు సాసరు వద్దన్నాడు. తర్వాత కప్పు వద్దు, పెద్ద మగ్గు ఇమ్మన్నాడు. తర్వాత సగమే పొయ్యమన్నాడు. సాసరు మీద కప్పు గలగలలాడటం ఆమె విన్నది. విని, రేడియో పెంచింది.

“నా నిద్ర సంగతి చెప్పింది నువ్వే,” అంది చివరికి.

“నేనే. ‘ఆందోళన పడాల్సింది ఏమన్నా ఉందా’ అని అడిగారు. మీ దీపం తెల్లారేదాకా వెలుగుతోందని చెప్పాను. గొర్రెల్ని ఆమెకంటే బాగా చూసేవాళ్ళు ఈ లోయలో లేరని కూడా చెప్పాను. అది చెప్పలేదా ఆవిడ?”

“లేదు.”

“చెప్పరు. మంచిమాట ఎవడిక్కావాలి.” లేచి నిలబడ్డాడు. మోకాలు చప్పుడు చేసింది. “ఆ వాలు కింద వాడి మీంచి బండి ఎత్తింది నేను. బ్రేకు బాగానే ఉందని విచారణలో తేల్చారు. మరి ఎందుకు ఆగలేదో ఎవరూ తేల్చలేదు. నాకు తెలుసు. ఆ చేత్తో వాడు బ్రేకు పట్టలేకపోయాడు. వాడి మాట కోసం ఒకసారి నోరు మూసుకున్నా నెరిస్. నీ కోసం మళ్ళీ మూసుకోమంటే మూసుకోను. తిట్టుకో.”

ఆమె తిట్టలేదు. డబ్బా మూత పెట్టి చంకలో పెట్టుకుని కొండెక్కింది. నమ్మాలో లేదో ఇంకా తేలలేదు. సగం దారిలో ఆగి వెనక్కి చూసింది. ఎమ్లిన్ మళ్ళీ మేకులు నోట్లో పెట్టుకుని తడిక బిగిస్తున్నాడు. అతని కొట్టం దగ్గర్నుంచి తన వంటింటి కిటికీ ఎంత స్పష్టంగా కనబడుతుందో ఆమె ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆలోచించలేదు.

*

గురువారం మెలేరి వచ్చేసరికి డబ్బా బల్ల మీద ఉంది.

“ఆ తోకలు తాల్వెర్న్ ఎమ్లిన్ కొట్టినవి,” అంది నెరిస్. “మా ఆయన పక్కనే ఉండి దీపం పట్టాడు. రమ్మన్నది ఆయనే. కాబట్టి ఎమ్లిన్ తప్పు లేదు. తొడుగులు ఇవిగో, అన్నీ టూ టూ త్రీ. కాగితం మీద లేని తూటా ఏదీ ఈ ఇంటికి రాలేదు.”

“మీ ఆయన ఎందుకు కాల్చలేదు?”

“చెయ్యి వణికేది.”

మెలేరి కలం ఆగింది. “మీకు తెలుసా?”

“తెలుసని ఒప్పుకోవడానికి ఈ సోమవారం ఎమ్లిన్‌ని కలిసేదాకా పట్టింది.”

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. మెలేరి ఆ మాట రాసుకోలేదు. నెరిస్ గమనించింది.

“నిద్ర సంగతి మీరింకోసారి అడగాలి,” అంది.

“ఎలా పడుతోంది?”

“మూడు గంటలు. కొన్నిసార్లు అదీ లేదు.”

మెలేరి నిట్టూర్చింది. “ఇది చెప్పాక నేను డాక్టరుకు మళ్ళీ రాయాలి. జవాబు వచ్చేసరికి నాలుగైదు వారాలు. మీ గొర్రెలు ఈనడం మొదలవుతుంది.”

“తెలుసు.”

“చెప్పకపోయి ఉంటే...”

“అదీ తెలుసు. ఈ ఈతలకి ఎమ్లిన్‌కి అనుమతి రాసిచ్చాను. నక్కలకి మాత్రమే. పై పొలం కౌలుకు ఇది వర్తించదు అని కింద గీత కూడా గీశాను.”

మెలేరి మొహంలో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. చెయ్యి చాపి ఒక రొట్టెముక్క తీసుకుంది. దరఖాస్తు ముందుకు తోసి, “ఇందులో మార్చేది ఏమన్నా ఉంటే ఇప్పుడే మార్చండి,” అంది.

నెరిస్ కళ్ళద్దాలు పెట్టుకుంది. టూ ఫోర్ త్రీ మీద ఒక గీత గీసి, పక్కన టూ టూ త్రీ అని రాసి, పొడి అక్షరాలతో సంతకం పెట్టింది. కిటికీ గట్టు మీద ఇథెల్ సీసా వైపు చూడలేదు.

“ఎందుకు టూ టూ త్రీ?” అని అడిగింది మెలేరి. అది ఆమె అడగాల్సిన ప్రశ్న.

“నా భుజం విరిగింది, తన్నితే ఓర్చుకోలేను. నక్కకి అది చాలు. గుండు మట్టిలో పడితే ముక్కలైపోతుంది, ఎగిరి బాట మీదికి పోదు.” మిగతాది చెప్పాలా వద్దా అని ఆలోచించింది. “అదీగాక, అది తన్నదు గనక దుర్భిణిలోంచి చూపు చెదరదంటారు. తగిలిందో తప్పిందో నా కంటికే కనబడాలి. పక్కవాణ్ణి అడగను.”

మెలేరి అదంతా రాసుకుంది, ఒక్క మాట వదలకుండా.